గ్రాంటు బడ్జెట్‌లో మన పేరు ఏ గడిలో ఉంది?

"మీ సంస్థకు కిందటేడు ఆడిట్ జరిగిందా? మీ ఓవర్‌హెడ్ రేటు ఎంత? సిబ్బంది సొంత ఆర్థిక ప్రయోజనాలు పరిశోధనకు అడ్డు రాకుండా మీ సంస్థ పాటించే నియమావళి కాపీ జతచేయండి."

రెండేళ్ల కిందట ఒక యూనివర్సిటీ నుంచి నాకొచ్చిన పద్నాలుగు పేజీల ఫారంలోని ప్రశ్నలివి. నేను ఒప్పుకున్న పనల్లా మధుమేహం మీద వాళ్లు చేస్తున్న అధ్యయనానికి ఒక ప్రశ్నావళిని తెలుగులోకి మార్చిపెట్టడం. పారితోషికం 1,800 డాలర్లు. సంస్థ అంటే నేనూ, నా లాప్‌టాపూ, పిల్లలు బడికెళ్లాక ఖాళీ అయ్యే మా డైనింగ్ టేబులూ. ఆ టేబులుకు ఆడిట్ ఎవరు చేస్తారు?

వారం రోజులు ఆ ఫారం ముందేసుకుని కూర్చున్నాను. మావారిని అడిగితే "వదిలెయ్, ఈ డబ్బు కోసం ఇంత తలనొప్పి ఎందుకు" అన్నారు. వదిలేసేదాన్నేమో కానీ, చివరి ప్రయత్నంగా ఆ యూనివర్సిటీ గ్రాంటుల ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతలి ఆవిడ నా వివరాలు చూసి రెండు నిమిషాల్లో తేల్చేసింది. "ఈ ఫారం మీకు రావలసింది కాదు. మిమ్మల్ని పొరపాటున సబ్‌రెసిపియంట్‌గా నమోదు చేశారు. మీరు కాంట్రాక్టర్ మాత్రమే." ఆ ఒక్క మాటతో పద్నాలుగు పేజీలు పోయి ఒక పేజీ డబ్ల్యూ-9 ఫారం మిగిలింది. ఈలోపు ఆరు వారాలు గడిచిపోయాయి.

నేను చదివింది బయోకెమిస్ట్రీ. ల్యాబులో పిపెట్ పట్టుకోవడం నేర్పారు కానీ, ఆ పిపెట్ కొన్న డబ్బు ఏ పద్దులో రాస్తారో ఎవరూ చెప్పలేదు. ఆ ఫోన్ తర్వాత కుతూహలం పట్టలేక అమెరికా ప్రభుత్వ గ్రాంటుల నియమాలు తీసి చదివాను. చదివాక అర్థమైంది, ఇది ఆఫీసు గుమాస్తాల గొడవ మాత్రమే కాదని. మనలో చాలామంది యూనివర్సిటీల్లో రీసెర్చ్ కోఆర్డినేటర్లుగా, పోస్ట్‌డాక్‌లుగా ఉన్నారు. కొందరు ఇంట్లోంచే డేటా విశ్లేషణ, అనువాదం చేసిపెడుతున్నారు. ఇంకా కొందరు గుడి హాల్లోనో సంఘం తరఫునో ఆరోగ్య శిబిరాలు నడుపుతుంటే, మన దక్షిణాసియా వాళ్లలో గుండెజబ్బు, షుగర్ ఎందుకింత ఎక్కువో తెలుసుకోవాలని యూనివర్సిటీల వాళ్లు వాళ్ల తలుపు తడుతున్నారు. 2010లో కాలిఫోర్నియా, షికాగో ప్రాంతాల్లో మొదలైన మసాలా అధ్యయనం గురించి మీలో చాలామంది వినే ఉంటారు. ఇలాంటి పరిశోధనల్లో మనం చేయి వేసినప్పుడు, ఆ బడ్జెట్‌లో మన పేరు ఏ గడిలో రాశారన్నదాన్ని బట్టి డబ్బు, బాధ్యత, హక్కులు అన్నీ మారిపోతాయి.

మన పెళ్లిళ్లనే తీసుకోండి. వంటవాళ్లను కుదుర్చుకుంటాం. విస్తరికి ఇంత అని మాట్లాడుకుంటాం. వాళ్లు మనకే కాదు, ఆ ముహూర్తానికి ఇంకో రెండు పెళ్లిళ్లకు కూడా వండుతుంటారు. పప్పులో ఎంత మిగుల్చుకున్నారో మనం అడగం. సాంబారు బాగుందా, వేళకు వడ్డించారా, అంతే. అదే పెళ్లిలో విడిది బాధ్యత మా బాబాయి మీద వేసుకున్నాడనుకోండి. మగపెళ్లివారిలో ఎవరిని ఏ గదిలో దింపాలి, ఎవరికి కారు పంపాలి అన్నీ ఆయన నిర్ణయాలే. మా నాన్న ఆయన చేతికి డబ్బిస్తాడు, పెళ్లయ్యాక ఆయన లెక్క చెప్పి మిగిలింది తిరిగిచ్చేస్తాడు. అందులోంచి లాభం తీసుకుంటే ఇంకేమైనా ఉందా! విడిదిలో ఏదైనా తేడా వస్తే మాట పడేది కూడా ఆయనే. ఆల్బంలో పెళ్లికొడుకు పక్కన నిలబడేదీ ఆయనే.

గ్రాంటులో సబ్‌అవార్డు అంటే బాబాయి. కొన్న సేవ అంటే వంట కాంట్రాక్టు.

అమెరికా ఫెడరల్ నియమాల్లో ఈ తేడా చెప్పే భాగం పేరు 2 సీఎఫ్ఆర్ 200.331. యూనివర్సిటీ తనకొచ్చిన గ్రాంటులో కొంత బయటి వాళ్లకు ఇచ్చే ప్రతిసారీ, తీసుకునేవాళ్లు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోవాలి. కార్యక్రమంలో ఎవరు అర్హులో నిర్ణయించడం, పని ఎలా సాగాలో సొంతంగా తీర్మానించుకోవడం, గ్రాంటు అసలు లక్ష్యం ఎంతవరకు నెరవేరిందన్న దాని మీద తమ పనితీరు కొలవబడడం, ఫెడరల్ కార్యక్రమపు షరతులకు తామూ కట్టుబడడం, ఇవన్నీ సబ్‌రెసిపియంట్ లక్షణాలు. రోజూ చేసే వ్యాపారంలో భాగంగా, ఎందరికో అమ్మే సరుకు లేదా సేవనే, పోటీ ఉన్న బజారులో, పరిశోధనకు ఆసరాగా అందించడం కాంట్రాక్టర్ లక్షణం. అన్ని లక్షణాలూ ఉండి తీరాలని లేదు. కాగితం మీద ఏ పేరు పెట్టారన్నదాని కంటే అసలు జరిగే పని ఏమిటన్నదే ముఖ్యమని నియమమే చెబుతోంది. నాకు బాగా నచ్చిన వాక్యం అదే.

ఇక్కడ మాటల తిరకాసు ఒకటుంది. యూనివర్సిటీల్లో చాలామంది సబ్‌అవార్డును వాడుకలో సబ్‌కాంట్రాక్ట్ అంటారు. నియమంలో కాంట్రాక్టర్ అంటేనేమో సేవ అమ్మేవాళ్లు. అంటే సబ్‌కాంట్రాక్ట్ అన్నప్పుడు బాబాయి, కాంట్రాక్టర్ అన్నప్పుడు వంటవాడు! 2014 డిసెంబరులో ఇప్పటి నియమావళి అమల్లోకి రాకముందు ఈ రెండోవాళ్లను వెండర్ అనేవారు. ఆ పాత మాటే నయం అనిపిస్తుంది నాకు. కాబట్టి ఎవరైనా మీతో "సబ్‌కాంట్రాక్ట్ ఇస్తాం" అంటే సంతోషపడే ముందు, భయపడే ముందు కూడా, ఏ అర్థంలో అంటున్నారో అడగండి.

అవతలివాళ్లెవరో చూసి తేల్చేయడం ఇంకో పొరపాటు. ఇంకో యూనివర్సిటీ అయితే సబ్‌అవార్డు, కంపెనీ అయితే సేవ అని చాలామంది అనుకుంటారు. ఆ పక్క యూనివర్సిటీలో డీఎన్ఏ సీక్వెన్సింగ్ చేసే కేంద్రం ఉందనుకుందాం. శాంపిల్‌కు ఇంత అని ధరల పట్టిక ఉంటుంది, ఎవరు పంపినా చేసిపెడుతుంది. అది కొన్న సేవే. అదే యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్, ఏ శాంపిల్స్ తీసుకోవాలి, ఏ జన్యువులు చూడాలి, వచ్చిన ఫలితానికి అర్థమేమిటి అని తన బుర్ర పెట్టి పని చేస్తే అది సబ్‌అవార్డు. ఒకే గ్రాంటులో ఒకే యూనివర్సిటీకి రెండు రకాలుగానూ డబ్బు వెళ్లవచ్చు. ఒంటరిగా సలహా ఇచ్చే నిపుణులను సాధారణంగా కన్సల్టెంట్ అన్న పద్దులో చూపిస్తారు, అది కూడా సేవ వైపే.

మరి నా అనువాదం సంగతి? అందులో మాత్రం బుర్ర పెట్టలేదా అని నాకు కాస్త పౌరుషం వచ్చిన మాట నిజం. "అన్నం ఎన్ని సర్వింగులు తింటారు" అన్న ప్రశ్నను తెలుగులో ఏమని అడగాలి? కప్పుతో కొలుచుకుని తినేవాళ్లు మన ఇళ్లలో ఎందరు? గరిటెలు అని రాశాను, ఎంత గరిటె అని వాళ్లడిగారు, చివరకు ఫొటో పెట్టించాను. కానీ నిజాయితీగా ఆలోచిస్తే, ఆ ప్రశ్న అధ్యయనంలో ఉండాలా వద్దా, ఎవరిని అడగాలి, జవాబులను ఏం చేయాలి అన్నవేవీ నా చేతిలో లేవు. పనిలో నేర్పు ఉండడం వేరు, పరిశోధన దారిని నిర్ణయించడం వేరు. మా ఊళ్లో గాడిపొయ్యి దగ్గర నిలబడే పెద్ద వంటమేస్త్రికి ఉన్నంత నేర్పు మా బాబాయికి లేదు మరి.

ఇక డబ్బు. తగాదాలన్నీ పుట్టేది ఇక్కడే. యూనివర్సిటీ తన కరెంటు, భవనాలు, గుమాస్తాల ఖర్చు కింద ప్రతి గ్రాంటు మీదా కొంత శాతం ఓవర్‌హెడ్ తీసుకుంటుంది. లెక్క కోసం అది 55 శాతం అనుకుందాం. ప్రొఫెసర్‌గారు బయటివాళ్లకు ఒక ఏడాదికి లక్ష డాలర్లు ఇవ్వాలి. అది సేవ అయితే సాధారణంగా లక్ష మొత్తం మీదా ఓవర్‌హెడ్ పడుతుంది: 55,000 డాలర్లు. అదే సబ్‌అవార్డు అయితే, మొత్తం కాలానికి మొదటి 50,000 మీద మాత్రమే పడుతుంది: 27,500. ఈ 50,000 పరిమితి 2024 అక్టోబరు 1 నుంచి వచ్చిన సవరణ. అంతకుముందు అది 25,000 ఉండేది, కాబట్టి పాత గ్రాంటులో అయితే 13,750 మాత్రమే.

పేరు మారితే ఒక ప్రాజెక్టులో 27,500 డాలర్ల తేడా. ఒక విద్యార్థి జీతంలో చాలా భాగం వచ్చేస్తుంది. పైగా సబ్‌అవార్డు భాగస్వామిని ప్రపోజల్‌లోనే పేరు పెట్టి చూపిస్తారు కాబట్టి పోటీ ధరలు పిలవనక్కరలేదు. సేవ అయితే ఒక పరిమితి దాటాక నాలుగు చోట్ల ధర కనుక్కుని తీరాలి. అందుకని సేవను సబ్‌అవార్డుగా చూపించాలన్న ఆశ ఒకవైపు. సబ్‌అవార్డు అయితే యూనివర్సిటీ ముందే అవతలివాళ్ల రిస్కు అంచనా వేయాలి, తర్వాత కనిపెట్టుకుని ఉండాలి, ఏడాది పొడవునా కాగితాలు నడపాలి; అంత చాకిరీ ఎందుకులే, సేవ అని రాసేద్దాం అన్న బద్ధకం ఇంకోవైపు. రెండూ తప్పే. ఆడిట్‌లో బయటపడితే లెక్కలన్నీ తిరగరాయాలి, ఒక్కోసారి డబ్బు వెనక్కి కట్టాలి. అందరికంటే ఇబ్బంది పడేది, తమ పేరు ఏ గడిలో ఉందో కూడా తెలియని అవతలివాళ్లు.

నాకు తెలిసిన ఒకావిడ కథ చెబుతాను. మా ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఆవిడ అక్కే. ఇంకో పదిమంది ఆడవాళ్లతో కలిసి చిన్న లాభాపేక్ష లేని సంఘం నడుపుతోంది. షుగర్ ఉన్నవాళ్లకు వారానికోసారి నడక, నూనె తగ్గించి వండడం నేర్పడం, ఇలాంటివి. ఒక యూనివర్సిటీ బృందం వచ్చి తమ అధ్యయనంలో చేరమంది. ఒక్కో క్లాసుకు 300 డాలర్లు, కొన్న సేవ కింద. అక్క సంతోషంగా ఒప్పుకుంది. రెండేళ్లు గడిచేసరికి జరుగుతున్నదేమిటంటే, ఎవరిని చేర్చుకోవాలో సంఘమే చూస్తోంది. యూనివర్సిటీ ఇచ్చిన పాఠాల్లో ఓట్స్, సలాడ్ తీసేసి జొన్నరొట్టె, పెసరట్టు పెట్టింది వాళ్లే. మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి మళ్లీ తీసుకొచ్చిందీ వాళ్లే. హాలు అద్దె, ఇన్సూరెన్సు మాత్రం సంఘం జేబులోంచే పోతున్నాయి. గ్రాంటు రెన్యూవల్ అప్లికేషన్‌లో చూస్తే సంఘం పేరు కుర్చీలు అద్దెకిచ్చే కంపెనీ పక్కన, సేవల జాబితాలో ఉంది.

"మేం కుర్చీలమా?" అంది అక్క.

నా ఫారం అనుభవం విని ఉంది కాబట్టి నన్ను పిలిచింది. ఇద్దరం కూర్చుని నియమంలోని లక్షణాలు ఒక్కొక్కటిగా తీసి, వాళ్లు చేస్తున్న పని పక్కన రాసుకున్నాం. అర్హుల ఎంపిక వాళ్లది. కార్యక్రమ నిర్ణయాలు వాళ్లవి. ఎంతమందికి షుగర్ తగ్గిందన్న ఫలితంతోనే వాళ్ల పని కొలుస్తున్నారు. ఆ కాగితం తీసుకుని అక్క ప్రొఫెసర్‌తో మాట్లాడింది. ఆయన చెడ్డవాడేం కాదు, అసలు ఎప్పుడూ ఆలోచించలేదట. కొత్త గ్రాంటులో సంఘం సబ్‌అవార్డు భాగస్వామి అయింది.

దానితో ఒరిగినవి చెబుతాను. ఓవర్‌హెడ్ రేటు ముందుగా కుదుర్చుకోని చిన్న సంస్థలకు కూడా నేరు ఖర్చుల మీద 15 శాతం దాకా ఓవర్‌హెడ్ అడిగే హక్కుంది; 2024 అక్టోబరుకు ముందు అది 10 శాతం. నేరు ఖర్చు 40,000 డాలర్లయితే, అన్నీ ఆ లెక్కలోకి వచ్చే ఖర్చులే అనుకుంటే, ఇంకో 6,000. హాలు అద్దె బెంగ తీరింది. పరిశోధన సబ్‌అవార్డులో ఆ సంస్థ వాళ్లు కొత్తగా ఏదైనా కనిపెడితే, 1980 నాటి బే-డోల్ చట్టం వల్ల దాని మీద మొదటి హక్కు సాధారణంగా ఆ సంస్థదే. డబ్బిచ్చామన్న కారణంతో పెద్ద యూనివర్సిటీ దాన్ని లాగేసుకోకూడదు. సబ్‌అవార్డు 30,000 డాలర్లు లేదా అంతకు మించితే ఆ వివరం ప్రభుత్వానికి తెలియజేస్తారు, యూఎస్‌ఏస్పెండింగ్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. తర్వాత ఇంకో గ్రాంటుకు వెళ్లినప్పుడు "ఇదిగో మా అనుభవం" అని చూపించుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

వ్యాసాల్లో రచయితగా పేరు మాత్రం ఈ గడుల మీద ఆధారపడి ఉండదు. పరిశోధనకు మేధోపరంగా గణనీయమైన పని చేసి, వ్యాసం రాయడంలోనో దిద్దడంలోనో పాలుపంచుకుని, తుది ప్రతిని ఆమోదించి, దానికి జవాబుదారీ వహించినవాళ్లు ఎలా డబ్బు తీసుకున్నా రచయితలే. "మీరు వెండర్ కదా, పేరు వేయం" అని ఎవరైనా అంటే అది సరైన కారణం కాదు.

భారం కూడా తక్కువేం లేదు. కాంట్రాక్టర్ లాభం వేసుకుని ధర చెప్పవచ్చు. సబ్‌రెసిపియంట్ మామూలుగా లాభం తీసుకోకూడదు, అయిన ఖర్చే అడగాలి. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసి ఉంచాలి, రసీదులు దాచాలి, నివేదికలు పంపాలి. యూఈఐ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. సామ్ డాట్ గవ్‌లో అది ఉచితమే, సబ్‌అవార్డుకు ఆ సంఖ్య ఒక్కటి చాలు, పూర్తి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. డబ్బు కట్టమని వచ్చే ఈమెయిళ్లను నమ్మకండి. ఏడాదిలో అన్ని ఫెడరల్ నిధులూ కలిపి పది లక్షల డాలర్ల ఖర్చు చేరితే ప్రత్యేక ఆడిట్ తప్పదు, అక్క సంఘానికి అంత అదృష్టం ఇంకా పట్టలేదు. కాబట్టి సబ్‌అవార్డు గొప్ప, సేవ తక్కువ అని నేననను. నాకు నా డబ్ల్యూ-9 ఎంతో హాయి. ఇంట్లోంచి గణాంకాల విశ్లేషణ చేసే నా స్నేహితురాలు తన ధర తాను చెప్పి, పని అప్పజెప్పి, ప్రశాంతంగా నిద్రపోతుంది. హెచ్4 మీద ఉండి ఈఏడీ లేనివాళ్లు మాత్రం ఏ పేరుతోనూ డబ్బు తీసుకుని ఇలాంటి పని ఒప్పుకోకండి, కన్సల్టెంట్ అన్నా సరే.

ఇండియాతో కలిసి పనిచేసేవాళ్లకు ఈ తేడా ఇంకా పదునైనది. 2025 మే 1న అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్, విదేశీ సంస్థలకు వెళ్లే డబ్బును నేరుగా గమనించే కొత్త పద్ధతి సిద్ధమయ్యేదాకా విదేశీ సబ్‌అవార్డు ఉన్న గ్రాంటులు ఇవ్వబోమని ప్రకటించింది. ఆ వార్త వచ్చిన కొత్తలో ఒక పిక్నిక్‌లో మాటల మధ్య "అయితే హైదరాబాద్ వాళ్ల భాగాన్ని సర్వీసు అని మార్చేస్తే సరి" అన్నారొకరు. అలా సరిపోదు. అక్కడి డాక్టర్లు రోగులను ఎంచుకుని, వైద్య నిర్ణయాలు తీసుకుంటూ పరిశోధన చేస్తుంటే, కాగితం మీద బిల్లు అని రాసినంత మాత్రాన అది ల్యాబు టెస్టు కొనుక్కోవడం అయిపోదు. అటువైపు మన దేశంలోనూ ఎఫ్‌సీఆర్ఏ చట్టం ఇదే గీత గీసింది. వ్యాపారంలో భాగంగా ఇచ్చిన సేవకు తీసుకున్న రుసుము విదేశీ విరాళం కిందికి రాదు. గ్రాంటుగా వచ్చిందైతే రిజిస్ట్రేషన్ కావాలి, 2020 సవరణ తర్వాత దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికీ వీల్లేదు. ఇక్కడ సౌలభ్యం కోసం మార్చిన పేరు అక్కడ ఒక చిన్న ట్రస్టు మెడకు చుట్టుకోగలదు.

మీ దగ్గరికి ఇలాంటి ప్రతిపాదన వస్తే సంతకం పెట్టే ముందు ప్రొఫెసర్‌ను కాదు, గ్రాంటుల ఆఫీసును అడగండి, మా పేరు ఏ కోవలో పెట్టారు, ఎందుకు అని. చాలా యూనివర్సిటీల్లో ఈ నిర్ణయానికి ఒక చెక్‌లిస్టు నింపి ఫైల్లో పెడతారు. దాని కాపీ అడగడంలో మొహమాటం అక్కరలేదు. పని సగంలో మారిపోతే, అక్క విషయంలో మారినట్టు, మళ్లీ అడగండి.

మొన్న ఆదివారం రాత్రి అక్క ఫోన్ చేసింది. మొదటి మూడు నెలల ఖర్చుల బిల్లు పంపాలట. డైనింగ్ టేబుల్ నిండా రసీదులు పరిచి కూర్చుందట. "హాయిగా క్లాసుకు మూడొందలు తీసుకునేదాన్ని, నువ్వే కదే నన్ను ఇందులోకి దింపావు" అని ఓ పక్క నవ్వుతూనే విసుక్కుంది. నడకకు వచ్చినవాళ్లకు మజ్జిగ కోసం కొన్న పెరుగు డబ్బాలు ఏ పద్దులో రాయాలో తేలడం లేదు. అసలు తినుబండారాలకు బడ్జెట్‌లో అనుమతి ఉందో లేదో ముందు చూడమన్నాను. ఫోన్ పెట్టకుండానే కాగితాలు వెతకడం మొదలుపెట్టింది.